పెట్టె తేదీ, మనిషి తేదీ

తొర్రూరుకు రైలు లేదు. రైలెక్కాలంటే మానుకోటకో, వరంగల్లుకో పోవాలి. అటువంటి వూళ్ళో కూర్చుని రైలు నమూనాలను గురించి, అందులోనూ కంటైనర్లను మోసే వ్యాగన్ల నమూనాలను గురించి రాయటం కొందరు మిత్రులకు వింతగా తోచవచ్చు. అమెరికాలోనో, జర్మనీలోనో కాస్త డబ్బూ, తీరికా వున్నవాళ్ళ సరదా అది. మనకెందుకు అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కాని ఆ సరదా వెనక ఒక నియమం వుంది. ఆ నియమం వెనక గతం పట్ల ఒక నిజాయితీ, ఆ నిజాయితీలో ఒక పెద్ద లోపమూ వున్నాయి. రెండూ మన సాహిత్యానికి సంబంధించినవే. కనక ఈ చర్చ.

ముందు ఆ నియమం ఏమిటో చూదాం. రైలు నమూనాలు చేసేవాళ్ళలో గట్టివాళ్ళు కేవలం రైలు చెయ్యరు. ఒక చోటునూ, ఒక కాలాన్నీ చేస్తారు. ఫలానా మార్గం, ఫలానా సంవత్సరం అని పెట్టుకుంటారు. ఆ తరువాత ఆ సంవత్సరంలో ఆ పట్టాల మీద వుండటానికి వీలులేనిదేదీ తమ బల్ల మీద వుండకూడదు. వాళ్ళలో ఎక్కువమంది వాడే కొలత 87లో ఒక వంతు. ఆ కొలతలో నలభై అడుగుల కంటైనర్ 14 సెంటీమీటర్లు వుంటుంది, ఇరవై అడుగులది 7. మనిషి రెండు సెంటీమీటర్లు. ఈ మనిషి దగ్గరికి తరువాత వస్తాను.

ఓడ మీదా, రైలు మీదా, లారీ మీదా విప్పకుండా మారుతూపోయే ఇనప పెట్టె కంటైనర్. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్లీన్ అనే లారీల యజమాని 58 పెట్టెలను ‘ఐడియల్ ఎక్స్’ అనే పాత నౌక మీద న్యూయార్క్ పక్కనున్న న్యూఅర్క్ రేవు నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. ఆధునిక చరిత్రను అక్కడినుంచి లెక్కపెట్టటం మామూలు. ఆనాటినుంచి పెట్టె మారుతూనే వచ్చింది. పొడవు, ఎత్తు, రంగు, పేరు, దాన్ని మోసే బండి అన్నీ మారాయి. అందుకే నమూనా చేసేవాడికి కంటైనర్ అంత పెద్ద బోను మరొకటి లేదు. ఎనిమిదిన్నర అడుగుల ఎత్తున్న పెట్టెకూ, తొమ్మిదిన్నర అడుగుల పెట్టెకూ వున్న తేడా ఆ కొలతలో మూడున్నర మిల్లీమీటర్లు; తెలిసిన కన్ను దాన్ని పట్టేస్తుంది. ఒకడు 1975 నాటి అమెరికన్ స్టేషన్ చేశానని చెప్పి అందులో 53 అడుగుల పెట్టె పెడితే తోటివాళ్ళు నవ్వుతారు. ఆ పొడవు 1980ల చివర వచ్చింది. పెట్టె మీద పెట్టె పేర్చటానికి మధ్యలో తొట్టిలా దిగిన బండి అమెరికాలో మొదట 1977లో కనిపించింది. ఆ తీరు రైళ్ళు క్రమంగా నడవటం 1984 నుంచి. అంటే ఆ బండి 1970 నాటి బల్ల మీద కనిపించిందా, అది అబద్ధం.

పేర్ల సంగతి ఇంకా చిత్రం. మెక్లీన్ పెట్టిన కంపెనీకి సీలాండ్ అని పేరు. 1999లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని మేర్స్క్ కొనేసింది. తరువాత మెక్లీనే కొన్న మరో కంపెనీ, యు.ఎస్. లైన్స్, 1986లో దివాలా తీసింది. కొరియాకు చెందిన హంజిన్ 2016లో కూలిపోయింది. కంపెనీ చచ్చిపోయిన మర్నాడే పెట్టె చచ్చిపోతుందా? పోదు. పెట్టెలు చేతులు మారతాయి. పాత పేరు తుప్పు పడుతూ ఇంకా కొన్నేళ్ళు తిరుగుతూనే వుంటుంది. కనక పుట్టిన తేదీ కన్న ముందు పెట్టెను పెట్టటం తప్పు గాని, యజమాని చచ్చిన తరువాత పెట్టటం తప్పు కాదు. కొత్తది ముందుకు జరగలేదు, పాతది వెనక మిగిలిపోగలదు. ఇంత సూక్ష్మం ఒక సరదాలో వుండటం నాకు ముచ్చటగానే వుంటుంది.

మన దేశపు లెక్క కూడా ఇలాగే కట్టవచ్చు. ఇండియన్ రైల్వేలు దేశీయ సరుకుకు కంటైనర్లు వాడటం మొదలుపెట్టింది 1966లో. అంతర్జాతీయ కొలతల పెట్టె మొదట 1973లో కొచ్చిన్ రేవులో దిగింది. రేవు దాటి రైలు మీద లోపలి ప్రాంతానికి, బెంగుళూరు డిపోకు వచ్చింది 1981లో. కంటైనర్ కార్పొరేషన్ ఏర్పడింది 1988లో. మరుసటి ఏడు అది రైల్వేల చేతిలోని ఏడు డిపోలను తీసుకుంది. మన సనత్‌నగర్ డిపో కూడా ఆ కార్పొరేషన్ నడిపేదే. ప్రైవేటు కంపెనీల కంటైనర్ రైళ్ళకు అనుమతి 2006లో వచ్చింది. అదే సంవత్సరం పీపావావ్ రేవు, జైపూర్‌ల మధ్య డీజిల్ ఇంజను వెనక రెండంతస్తుల పెట్టెలు నడిచాయి. మన పట్టాల వెడల్పు ఎక్కువ కనక తొట్టి బండి అక్కర్లేకుండా చదును బండి మీదే పేర్చగలిగారు. విద్యుత్ తీగల కింద అలా నడవటానికి 2020 దాకా ఆగవలసి వచ్చింది. తీగలను ఏడున్నర మీటర్ల ఎత్తుకు లేపవలసి వచ్చింది. ఇన్ని తేదీలు ఎందుకంటే, కాజీపేట జంక్షన్‌ను 1985లో వున్నట్టు చెయ్యబోయే కుర్రవాడు దాని మీద కంటైనర్ కార్పొరేషన్ పేరు రాశాడంటే మూడేళ్ళు ముందుకు దూకాడన్న మాట.

ఇక్కడొక వినోదం. ఆ కొలతలో మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 19 మిల్లీమీటర్లకు పైగా వుండాలి. బజారులో దొరికేది 16న్నర మిల్లీమీటర్ల పట్టా, అంటే యూరపు, అమెరికాల గేజి. భారతీయ నమూనాకారుల్లో చాలామంది ఆ ఇరుకు పట్టా మీదే తమ బ్రాడ్‌గేజి రైలును నడుపుతారు. పెట్టె మీద రంగు ఒక ఛాయ తేడా వస్తే నిద్రపట్టనివాడు కాళ్ళ కింద పట్టా పరాయిదైనా సర్దుకుపోతాడు. నిజాయితీకి కూడా బజారు హద్దులు గీస్తుంది.

ఈ నియమాన్ని మన మిత్రులు కొందరు ‘వివరాల పిచ్చి’ అని తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. గతం మనకు లోబడి వుండదు, మన ఇష్టాన్నిబట్టి దాన్ని దిద్దకూడదు అనే గుర్తింపు అందులో వుంది. అది భౌతికవాదానికి మొదటి మెట్టు. మరి మన రచయితల్లో ఈ పాటి నియమం ఎందరికి వుంది? 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు పడిపోయాడు. కడవెండి మనకు దూరం కాదు. చాకలి ఐలమ్మ పొలం కోసం నిలబడ్డ పాలకుర్తీ దూరం కాదు. ఆ పోరాటాన్ని గురించి వచ్చిన కథలు ఎన్నో చదివాం. వాటిలో కొన్నింటిలో 1946 నాటి రైతు ఇరవై, ముప్ఫై ఏళ్ళ తరువాతి కరపత్రం భాషలో మాట్లాడతాడు. విసునూరు దేశముఖు గడీ ముందు నిలబడి, ఆనాటికి ఆ వూరికి ఇంకా చేరని మాటలతో రాజ్యస్వభావాన్ని విశ్లేషిస్తాడు. ఇది 1975 నాటి స్టేషన్లో 53 అడుగుల పెట్టె పెట్టటం కాదా? నమూనాకారుడి తప్పుకు తోటివాళ్ళు నవ్వుతారు. మన తప్పును ‘చైతన్యం’ అని మెచ్చుకుంటాం. రైతుకు తెలియని మాటను రైతు నోట పెడితే, తనకు తెలిసిన మాటలతోనే అతను ఎంత దూరం పోగలిగాడో ఆ సంగతి పాఠకుడికి తెలియకుండా పోతుంది. గౌరవించబోయి తగ్గించటం ఇది. పక్కనే చినగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ నేటికీ నిలబడి వుందంటే నిజాం కాలపు వూరి మాటకు ఆయన తేదీ తప్పకుండా చూసుకోవటం ఒక కారణం.

ఇంకొక విషయంలో కూడా వాళ్ళ నుంచి నేర్చుకోవలసింది వుంది. కొత్తగా ఈ సరదాలోకి వచ్చినవాడు 1985 అని పెట్టుకుంటే 1985లో తయారైన వస్తువులే పోగుచేస్తాడు. అనుభవజ్ఞులు వాణ్ణి ఆపుతారు. ఏ సంవత్సరంలోనైనా పట్టాల మీద వున్నవాటిలో ఎక్కువ భాగం అంతకు ముందు కాలానివే. కొత్త పెట్టె పక్కన ఇరవై ఏళ్ళ నాటి బండి, దాని పక్కన రేపో మాపో తుక్కుకు పోవలసిన నాలుగు చక్రాల మూత వ్యాగన్. ఇవన్నీ కలిస్తే 1985. ఒక కాలం అంటే ఒకే వయస్సు కాదు. అనేక వయస్సులు ఒకే రోజున ఒకే చోట ఇరుక్కుని వుండటం. అసమానాభివృద్ధి అని మనం పుస్తకాల్లో చదువుకునేదాన్ని వాళ్ళు సిద్ధాంతం అక్కర్లేకుండానే బల్ల మీద పేరుస్తున్నారు.

తొర్రూరు సంగతే చూడండి. వరంగల్లు నుంచి ఖమ్మం పోయే జాతీయ రహదారి మన వూరి మీదుగా పోతుంది. దాని మీద ట్రెయిలర్ లారీలు ఇనప పెట్టెలను మోసుకుపోతాయి. అదే వేళ మార్కెట్లో హమాలీ వీపు మీద బస్తా వుంటుంది. దడ్వాయి కాంటా పట్టుకుని వుంటాడు. చాట కూలీ కిందపడ్డ గింజలను ఎత్తుతూ వుంటుంది. పెట్టె కొత్త కాలం, బస్తా పాత కాలం అనటం తప్పు. రెండూ ఈ కాలమే. ఈ వూరికి ఎవరైనా ఈనాటి నమూనా చేస్తే రెండూ వుండి తీరాలి.

సరిగ్గా ఇక్కడే ఆ సరదా నిజాయితీ ఆగిపోతుంది. నేను చూసిన నమూనాల బొమ్మల్లో, ఆ విషయం మీద చదివిన పుస్తకాల్లో, పెట్టెను గురించి నూరు పేజీలుంటే దాన్ని నింపే మనిషిని గురించి పేజీ వుండదు. రెండు సెంటీమీటర్ల మనుషులను జర్మనీలో కంపెనీలు ఎంతో చక్కగా చేసి అమ్ముతాయి. ప్రయాణికులు, గార్డులు, కుక్కను పట్టుకున్న దొరసాని, కూలీలు కూడా వుంటారు. కాని ఏ సంవత్సరంలో రేవులో ఎంతమంది కూలీలుండాలి, ఆ తరువాత ఎంతమంది వుండకూడదు అని ఎవరూ లెక్క చూడరు. పెట్టె తేదీ తప్పితే సిగ్గు. మనిషి తేదీ తప్పితే ఎవరికీ పట్టదు.

అది పట్టకపోవటం చిన్న సంగతి కాదు, ఎందుకంటే కంటైనర్ పుట్టిందే ఆ మనిషి కోసం, అంటే ఆ మనిషిని తీసివెయ్యటం కోసం. 1956లో విడి సరుకును ఓడలోకి ఎక్కించటానికి టన్నుకు ఆరు డాలర్లకు కాస్త తక్కువ పడేది. ‘ఐడియల్ ఎక్స్’ మీద అది 16 సెంట్లకు లోపే పడిందని లెక్కలు కట్టారు. ఆ తేడా అంతా ఎక్కడిది? చాలా వరకు రేవు కూలీల చేతుల్లోది. అమెరికా పశ్చిమ తీరంలో హారీ బ్రిడ్జెస్ నాయకత్వాన వున్న రేవు కార్మిక సంఘం 1960లో యాజమాన్యాలతో ఒప్పందం చేసుకుంది. యంత్రాలు రానిస్తాం, కాని వున్నవాళ్ళ జీతాలకూ, పింఛన్లకూ హామీ ఇవ్వాలి అన్నది దాని సారాంశం. లొంగుబాటు అన్నవాళ్ళున్నారు, తెలివి అన్నవాళ్ళున్నారు. ఆ తగవు ఇంకా తీరలేదు. మన దేశంలో రేవు కూలీల రోజువారీ అనిశ్చితిని అదుపు చెయ్యటానికి 1948లో చట్టం వచ్చింది; దాని కింద రేవుల్లో లేబర్ బోర్డులు ఏర్పడ్డాయి. 1933లో తెరిచిన విశాఖ రేవులో కంటైనర్ టెర్మినల్ 2003లో మొదలైంది. ఈ రెండు సంవత్సరాల మధ్య విశాఖలో ఎన్ని వీపులు ఎన్ని బస్తాలు మోశాయో పెట్టె మీద రాసి వుండదు. పెట్టె మీద వుండేవి నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. అవి యజమానిని చెబుతాయి, పెట్టెను చెబుతాయి.

1888లో ఎంగెల్స్ మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన వుత్తరం మనవాళ్ళకు కొత్త కాదు. వివరాలు నిజమైతే చాలదని, కాలానికి ప్రతినిధులైన మనుషులూ, వాళ్ళను నడిపే పరిస్థితులూ కూడా నిజంగా పట్టుబడాలని ఆయన వాదం. ఆమె నవలలో కార్మికులు తమకు తాము ఏమీ చేసుకోలేని వాళ్ళుగా కనిపించటం ఆయనకు నచ్చలేదు. నమూనా రైలుకు ఈ కొలత పెడితే, వివరాల్లో నూటికి నూరు మార్కులు, రెండో దానిలో సున్నా.

ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది, అది బలమైనదే. ‘అది రైలు బొమ్మ. రైలు చూపిస్తానన్నాడు, రైలు చూపించాడు. కూలీల చరిత్ర చూపిస్తానని వాడు మాట ఇవ్వలేదే? గడియారాన్ని గంట చెప్పమంటాం గాని వాన వస్తుందా అని అడగం గదా?’ నిజమే, ఎవరి పరిధి వాళ్ళది. అతను రైలు చూపిస్తానని మాత్రమే అంటే ఈ వ్యాసం అక్కర్లేదు. కాని ‘1985 చూపిస్తాను’ అంటున్నాడు. సంవత్సరం పేరు ఎత్తినవాడు సంవత్సరానికి జవాబుదారీ. పైగా, కంటైనర్ బండి ఎందుకు చదునుగా వుంది, ఎందుకు దానికి తలుపుల్లేవు, ఎందుకు గోడల్లేవు అని అడగండి. లోపలికి ఎక్కి సరుకు పేర్చే మనిషి ఇక లేడు కనక. బండి ఆకారంలోనే ఆ మనిషి లేకపోవటం వుంది. అది తెలియనివాడు బండిని కూడా పూర్తిగా చూడలేదు.

అయితే నాలుగు హమాలీ బొమ్మలు తెచ్చి బల్ల మీద అంటిస్తే సరిపోతుందా? కొండపల్లివాళ్ళు తెల్లపొణికి కర్రతో గీత కార్మికుణ్ణి తాటిచెట్టు మీద నిలబెట్టి ఎన్నో తరాలుగా అమ్ముతున్నారు. కొలత పట్టింపు లేదు. చెట్టుకూ మనిషికీ పొంతన కుదరదు. అయినా పని వుంది, పని చేసేవాడున్నాడు, చెట్టుకూ వాడికీ వున్న సంబంధం వుంది. ఆ మేరకు జర్మన్ బొమ్మ కన్న అది మెరుగు. కాని ఆ గీత కార్మికుడు ఎన్నడూ కింద పడడు, ఎన్నడూ అలిసిపోడు, అతని చెట్టు పన్ను ఎవరికి పోతుందో బొమ్మలో వుండదు. అలంకారం అయిపోతాడు. లూకాచ్ ఒక వ్యాసంలో జోలా ‘నానా’లోని గుర్రప్పందేన్నీ, టాల్‌స్టాయ్ ‘అన్నా కరెనినా’లోని గుర్రప్పందేన్నీ పోల్చాడు. జోలా వర్ణన సమగ్రం, కాని దాన్ని తీసేసినా నవలకు పెద్ద లోటు రాదు. టాల్‌స్టాయ్‌లో ఆ పందెం మీదే మనుషుల బతుకులు తిరుగుతాయి. అంటించిన హమాలీ జోలా పందెం వంటివాడు. తీసేసినా నమూనా నడుస్తూనే వుంటుంది.

నమూనాకు ఇంకొక ఇబ్బంది వుంది. అది ఒక్క క్షణాన్ని పట్టుకుంటుంది. కూలీ వుండటం ఒక క్షణం, లేకపోవటం ఇంకొక క్షణం. ఒకటి మరొకటిగా మారటాన్ని బల్ల ఎలా చూపించగలదు? ఈ చిక్కును మన చేర్యాల నకాషీలు వేరే తోవన విప్పారు. పటం చుట్ట విప్పుతూపోతే మడేలు పురాణమో, మార్కండేయ పురాణమో ఒక్కొక్క గడిగా ముందుకు సాగుతుంది. చాకళ్ళ కథ, సాలెవాళ్ళ కథ, వాళ్ళ పనిముట్లతో సహా. పురాణమే కావచ్చు, కాని అందులో కాలం నడుస్తుంది. రైలు నమూనా చేసేవాడు ఒక బల్లకు బదులు రెండు బల్లలు ఎందుకు చెయ్యకూడదు? అదే స్టేషన్, అదే కొలత. ఒకదానిలో గూడ్సు షెడ్డు, ముందు మూత వ్యాగన్లు, కొక్కేలు, బస్తాలు. రెండోదానిలో తాళం వేసిన షెడ్డు, గడ్డి మొలిచిన సైడింగు, పక్కనుంచి ఆగకుండా పోయే నలభై అయిదు బండ్ల కంటైనర్ రైలు. 1980ల నుంచి రైల్వేలు ఒకటీ అరా వ్యాగన్ల సరుకును వదులుకుని నిండు రైళ్ళకు మళ్ళటంతో దేశమంతటా చిన్న స్టేషన్ల షెడ్లకు అదే గతి పట్టింది. రెండో బల్ల మీద మనిషి బొమ్మ ఒక్కటి కూడా అక్కర్లేదు. మొదటి బల్ల చూసినవాడికి ఆ ఖాళీ అర్థమవుతుంది.

కాని పెట్టె మనిషిని పూర్తిగా తీసివేసిందా అన్నది అసలు ప్రశ్న, దీనికి జవాబు పెట్టె లోపల వుంది. ఇరవై అడుగుల పెట్టెలో ఇరవై టన్నుల బియ్యం పట్టాలంటే 50 కిలోల బస్తాలు 400 కావాలి. క్రేను పెట్టెను ఎత్తుతుంది గాని బస్తాను పెట్టెలో పేర్చదు. ఆ పని మిల్లు దగ్గరా, గోదాము దగ్గరా ఎక్కువగా ఇంకా వీపు మీదే జరుగుతున్నది, ఇనప గోడల మధ్య, ఎండాకాలం కూడా. పెద్దవాడు మోసే బరువు 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫార్సు చేసింది; ఆ హద్దుకు అయిదు కిలోలు తక్కువలో మన బస్తా నిలిచింది. అంటే కంటైనర్ చేసింది రెండు పనులు. రేవులో వేలమంది ఒకచోట చేరి, సంఘం పెట్టి, ఓడను ఆపగల బలం సంపాదించుకున్న పనిని అది తీసివేసింది. అదే పనిలో మిగిలిన భాగాన్ని పదిమంది, పన్నెండుమంది చొప్పున వూరూరి గోదాములకు చెదరగొట్టి తలుపు మూసింది. సరుకు మనుషుల సంబంధాలను కప్పి వస్తువుల సంబంధాలుగా చూపిస్తుందని మార్క్స్ 1867లో రాసినప్పుడు ఆయన ఎదుట ఇటువంటి సీలు వేసిన పెట్టె లేదు. వుంటే ఆయనకు వుపమానం వెతుక్కునే శ్రమ తప్పేది.

నమూనాల్లో పెట్టెలు ఎప్పుడూ మూసే వుంటాయి, బోలుగా కూడా వుంటాయి. ప్లాస్టిక్ పెట్టె మరీ తేలికై వంపుల్లో దొర్లిపోతుందని కొందరు లోపల సీసపు బిళ్ళ అంటిస్తారు. బరువు కోసం! 400 బస్తాల స్థానంలో ఒక సీసపు బిళ్ళ. ఒక్కడైనా ఒక్క పెట్టె తలుపు తెరిచి వుంచి, లోపల బస్తాల వరస సగం పేర్చి, రెండు సెంటీమీటర్ల మనిషి ఒకణ్ణి వంగిన వీపుతో గడప దగ్గర పెడితే, ఆ పెట్టె మీద తేదీ తప్పిన రంగున్నా నేను అతన్ని క్షమిస్తాను. అతని తోటివాళ్ళు క్షమించరేమో.

మన బడుల్లో ఏటా వైజ్ఞానిక ప్రదర్శనలు జరుగుతాయి. థర్మాకోల్‌తో ఆనకట్టలు, అట్టపెట్టెలతో రాకెట్లు చేయిస్తాం. తొర్రూరు చుట్టుపక్కల పనిచేసే ఉపాధ్యాయ మిత్రులు ఒక ఏడు మార్కెట్ యార్డు నమూనా చేయించి చూడవచ్చు: 1985 నాటిది ఒకటి, ఇవాళ్టిది ఒకటి. ఖర్చు లేదు. కష్టం మాత్రం వుంది, ఎందుకంటే తేదీలు సరిచూసుకోవాలి. అమెరికాలో నమూనాకారులు ఇందుకోసం తేదీ వున్న పాత ఛాయాచిత్రాలు వెతుకుతారు, పింఛను తీసుకుంటున్న రైల్వే పనివాళ్ళ దగ్గరకు పోయి ప్రశ్నలు వేస్తారు. మనకు ఛాయాచిత్రాలు దొరక్కపోవచ్చు. వయస్సు మళ్ళిన హమాలీలు, దడ్వాయిలు దొరుకుతారు. పిల్లలు వాళ్ళ దగ్గరకు నోటుపుస్తకాలతో పోయి అడగవలసినవి ఇవి: అప్పుడు బస్తా బరువెంత, గోనెదా, ప్లాస్టిక్‌దా? కొక్కెం ఏ చేతిలో పట్టేవాళ్ళు? లారీకి ఎంతమంది ఎక్కేవాళ్ళు, నింపటానికి ఎంతసేపు పట్టేది? బస్తాకు కూలి ఎంత, దాన్ని ఎవరు నిర్ణయించేవాళ్ళు, పెంచమని ఎప్పుడైనా పని ఆపారా, ఆపితే ఎన్నాళ్ళు? నడుము ఏ వయస్సులో పోయింది?